జామాయిబాబు కాలు, సువార్తమ్మ పిన్ని కాలు

శ్రావ్య అనే అమ్మాయి కరీంనగర్ నుంచి వచ్చి మా ప్రయోగశాలలో చేరింది. నేను ఖాళీ చేసిన కుర్చీ ఆమెకే ఇచ్చారు. మొన్న ఫోన్ చేసి, "మేడమ్, కొత్తగ వచ్చేటోళ్లకు పనికొచ్చేటట్టు ఏమన్న రాసియ్యుండ్రి" అని అడిగింది. మాన్యువల్ ఉంది కదమ్మా అన్నాను. "సదివిన మేడమ్. అండ్ల రూల్స్ అన్ని ఉన్నయి. పని ఎట్లుంటదో లేదు" అంది.

ఆ మాట నచ్చి ఇది రాస్తున్నాను. ఇంగ్లీషులో రాస్తే రిపోర్టులా వస్తుంది, బెంగాలీలో రాస్తే ఫిర్యాదులా వస్తుంది. అందుకని తెలుగులో. బెంగాల్లోని షాలిమార్ రైల్వే క్వార్టర్సులో పుట్టి, ఆదివారం బడిలో బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు ఇది. తప్పులుంటే మీరే దిద్దుకోండి. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి తక్కువ, రానివాటి గురించి మొదలుపెడితే ఆపలేను.

మా పనేమిటో ముందు చెప్పాలి. కాళ్లలో నరాలు ఉబ్బినవాళ్లకి డాక్టర్లు బిగుతు మేజోళ్లు రాస్తారు. ఆ మేజోడు చీలమండ దగ్గర గట్టిగా పట్టుకోవాలి, పైకి వెళ్లేకొద్దీ పట్టు తగ్గాలి. అప్పుడే కిందికి దిగి నిలిచిపోయిన రక్తం పైకి పోతుంది. అది తిరగబడి పైన బిగుతుగా, కింద వదులుగా అయిందంటే కాలికి తాడు కట్టినట్టే. పెట్టె మీద రాసినంత బిగువు మేజోడులో నిజంగా ఉందో లేదో చూసి సంతకం పెట్టడం మా ఉద్యోగం. మా అత్తగారు చుట్టాలకి "మా కోడలు సైన్సు" అని చెప్పి అక్కడితో ఆపేసేది. ఇంకో ప్రశ్న వేస్తే సాక్సుల దాకా వెళ్లాల్సి వస్తుందని ఆవిడ భయం.

అల్లుడుగారి మర్యాదలు

మా ప్రయోగశాల బడ్జ్ బడ్జ్ వెళ్లే రోడ్డు మీద ఉంది. మొదట గోనెసంచుల కోసం పెట్టింది. చేరిన కొత్తలో నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనపనార గుడ్డ ఎంత లాగితే చిరుగుతుందో చూసేదాన్ని. తర్వాత వైద్యానికి వాడే బట్టల విభాగం తెరిచి, చింపడంలో మంచి పేరుందని నన్ను అందులో వేశారు. ఆఫీసులో తెలివితేటలు అలా ఉంటాయి.

కొత్త విభాగంలో బల్ల మీద ఒక చెక్క కాలు. పాదం నుంచి తొడ దాకా నున్నగా చెక్కి పెట్టారు. దానికి చీలమండ దగ్గర, పిక్క దగ్గర, మోకాలి కింద పలచటి గాలిసంచులు అంటించి, పైన మేజోడు తొడుగుతాం. ఎక్కడెంత నొక్కుతోందో మీటరు చూపిస్తుంది. ఆ కాలికి మావాళ్లు పెట్టిన పేరు జామాయిబాబు, అంటే అల్లుడుగారు. రోజూ కొత్త మేజోళ్లు తొడిగించుకుంటాడు, కాలు బల్ల మీద పెడతాడు, ఒక్క పని చెయ్యడు, చుట్టూ నలుగురు చేరి సేవ చేస్తుంటారు. పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, వాళ్లింట్లో అల్లుడు ఉండే ఉంటాడు.

జామాయిబాబులో ఒకటే లోపం. ఎంత బిగించినా "అమ్మా" అనడు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

తారాపదదా, ఎండు నెత్తళ్లు

మా విభాగానికి పెద్ద తారాపదదా. బెంగాలీలో మగవాళ్ల పేరుకి దా, ఆడవాళ్ల పేరుకి దీ చేర్చి అన్నా, అక్కా అంటారు. మాటిమాటికీ ఏసీ గదిలోకి వెళ్లొచ్చే పని కాబట్టి నడి ఎండాకాలంలో కూడా మఫ్లరు చుట్టుకుని వచ్చేవారు. ట్రాములో జనం ఈయన్ని చూసి జాలిపడి సీటు ఇచ్చేవారని చెప్పుకునేవాళ్లం. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. అదే భయం.

పరీక్షకు ముందు మేజోడు ఒక రోజంతా ఏసీ గదిలో పడుకోవాలి. వేడి, తేమ ఒకే తీరున ఉండే గది అది. మేజోడుకి ఏసీ, మాకు బయట కిర్రుమనే ఫ్యాను. ఒక మే నెల మధ్యాహ్నం తట్టుకోలేక నా టిఫిన్ డబ్బా తీసుకుని నేనూ లోపలికి వెళ్లి కూర్చున్నాను. వేడన్నం, ఎండు నెత్తళ్ల కూర. తిని, మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చాను.

మర్నాడు తారాపదదా ఒక మేజోడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "శుట్‌కి?" అన్నారు. ఎండుచేపా అని. ఆయనా తినే మనిషే కాబట్టి వాసన ఇట్టే పట్టారు. తిట్టలేదు. గదిలోకి ఆవిరి తెచ్చాను కాబట్టి అన్నిటినీ మళ్లీ ఒక రోజు పడుకోబెట్టించి, రిజిస్టరులో నా చేతే రాయించారు: "నమూనాలు ఎండుచేపలతో కలిసి విశ్రాంతి తీసుకున్నందున పరీక్ష వాయిదా." తనిఖీకి వచ్చినవాళ్లు ప్రతి ఏడాదీ ఆ పేజీ దగ్గర ఆగుతారు. శ్రావ్యా, నువ్వూ చూసే ఉంటావు, నన్ను అడగడానికి మొహమాటపడ్డావు.

ఆ రిజిస్టరులో తారాపదదా సొంతంగా గీసుకున్న ఒక గడి ఉండేది. "తొడిగినవారు" అని. జామాయిబాబుకి మేజోడు ఎవరు తొడిగితే వాళ్ల పేరు అందులో రాయాలి. ఇదెందుకు దాదా అంటే, "మీటరుకి తెలిసేది మేజోడు ఒక్కటే కాదు, తొడిగిన చేతులు కూడా" అనేవారు. ముసలాయన చాదస్తం అనుకున్నాను. పైగా ఆ గడి నాకు ఇష్టం, ఎందుకంటే అందులో నా పేరే ఎక్కువ. నా చేతులు అంత మంచివి. మడమ గూడు సరిగ్గా మడమకి కూర్చుంటుంది, ఎక్కడా ముడత పడదు, గుడ్డ పైదాకా సమంగా పరుచుకుంటుంది. పక్కవాళ్ల చేతిలో తప్పిన మేజోడు నా చేతిలో పాసయ్యేది. "మార్తాదీని పిలవండి" అనేవారు, మంత్రసానిని పిలిచినట్టు. నేను చీర చెంగు దోపుకుని వెళ్లేదాన్ని.

పిన్ని పెట్టిన గంజి

సువార్తమ్మ పిన్ని మా అమ్మకి చిన్నాన్న కూతురు. షాలిమార్ యార్డు గోడ పక్కన, మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటుంది. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక ఆసుపత్రి నర్సుల యూనిఫారాలు తెచ్చి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి పంపేది. ఆవిడ గంజి పెట్టిన యూనిఫారాన్ని కుర్చీలో కూర్చోబెడితే నర్సు రాకపోయినా డ్యూటీ జరిగిపోతుంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఇస్త్రీ బల్లే ఆవిడ ఇల్లు, సంసారం.

ముప్పై ఏళ్లు ఆ బల్ల దగ్గర నిలబడితే ఏమవుతుందో అదే అయింది. కాళ్లలో నరాలు పాముల్లా ఉబ్బాయి, ఎడమ చీలమండ పైన రూపాయి బిళ్లంత పుండు పడింది. డాక్టరు బిగుతు మేజోడు వేసుకోమన్నాడు. క్రిస్మస్ నాటికి పుండు మానకపోతే నిలబడే పని మానెయ్యాల్సిందే అని గట్టిగా చెప్పాడు.

"బల్లొగ్గేసి నానేటి సెయ్యాలే?" అంది పిన్ని. "కూకోని గోడలు సూడాలా?"

నేను ధీమాగా ఒక జత కొని తెచ్చాను. "ఈ కంపెనీ సరుకు నా చేత్తో పాసు చేసింది పిన్నీ. నువ్వు దిగులు పడకు" అన్నాను. ఎలా వేసుకోవాలో ఒకసారి తొడిగి చూపించాను కూడా. నా చేతుల్లో అది పాటలా సాగిపోయింది.

రెండు వారాలకి వెళ్తే పుండు అలాగే ఉంది. మేజోడేదని చూస్తే, ఉతికిన మేజోడు కిటికీ పక్కన గోడకి ఆనుకుని దానంతట అది నిలబడి ఉంది.

"పిన్నీ, ఇదేమిటి?"

"గంజెట్టినానే. మెత్తగా యాలాడిపోతంటే సూన్నేక."

"ఇస్త్రీ కూడా చేశావా?"

"మడత నేకుండా ఎలాగేసుకుంటానే? నలుగురూ నవ్వరేటి?"

దాన్ని ప్రయోగశాలకి పట్టుకెళ్లాను. ఇస్త్రీ వేడికి లోపలి రబ్బరు దారం చచ్చిపోయింది, చీలమండ దగ్గర మీటరు కదిలితే ఒట్టు. తారాపదదా మేజోడుతో బల్ల మీద కొడితే ఠక్కుమంది. విభాగమంతా వచ్చి చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. నేను ఫోటో తీసి మా చర్చి ఆడవాళ్ల వాట్సాప్‌లో కూడా పెట్టాను. గంజి సంగతి ఆదివారానికల్లా అందరి నోళ్లలో పడింది. ఇప్పటికీ ఆ ఫోటో పెట్టినందుకు సిగ్గుపడతాను.

కొత్త జత కొనిచ్చి, గంజి వద్దు, ఇస్త్రీ వద్దు, చల్లనీళ్లలో ఉతికి నీడన ఆరెయ్యి అని పదిసార్లు చెప్పాను. మూడు వారాలు గడిచాయి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద పిన్ని కుంటుతూ దిగుతోంది. చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తించి చూశాను. మేజోడు కింద కట్టు తడిసి ఉంది. పుండు పెద్దదైంది. మోకాలి కింద చర్మం మీద ఎర్రగా గాడి పడింది.

నాకు కోపం నెత్తికెక్కింది. నలుగురూ వింటుండగానే, "మళ్లీ గంజి పెట్టావు కదూ!" అన్నాను.

"పెట్టనేదే. దేముడి తోడు."

"పెట్టకపోతే ఇలా ఎందుకవుతుంది? ఆ సరుకు నేను చూసిందే. నా సంతకం ఉంది."

పిన్ని మెట్టు మీద కూర్చుని, ఆయాసపడుతూ ఆ మేజోడు ఊడదీసి నా చేతిలో పెట్టింది. "తీసుకెల్లి నీ మిసన్లో ఎట్టుకో. అదేటి సెప్తే అదే నమ్ము" అంది. వట్టి కాలితో కుంటుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది.

తొడిగినవారు: మార్త

సోమవారం దాన్ని ఉతికి, మంగళవారం దాకా ఏసీ గదిలో పడుకోబెట్టి, జామాయిబాబుకి తొడిగాను. లోపల్లోపల పిన్ని తప్పు బయటపడాలనే ఉంది. దాచడం దేనికి? చీలమండ దగ్గర ఉండాల్సినంత బిగువు, పిక్క దగ్గర కాస్త తక్కువ, మోకాలి కింద ఇంకా తక్కువ. మేజోడు బంగారంలా ఉంది. పిన్ని గంజి పెట్టలేదు. దేవుని మీద ఒట్టు పెట్టిన మనిషిని నేను చర్చి మెట్ల మీద అబద్ధాలకోరుని చేశాను.

తారాపదదా రిజిస్టరు తెరిచి, ఆ గడి మీద వేలు పెట్టారు. "ఇక్కడ తొడిగినవారు మార్త. అక్కడ ఆవిడ కాలికి రోజూ తొడిగేది ఎవరు?"

"ఆవిడే, దాదా."

"చూశావా?"

చూడలేదు. ఇన్నేళ్ల సర్వీసులో జబ్బుమనిషి తన మేజోడు తను తొడుక్కోవడం నేను ఒక్కసారీ చూడలేదు.

మర్నాడు తెల్లవారగానే పిన్ని ఇంటికి వెళ్లాను. తలుపు తీసి లోపలికి నడిచింది. మేజోడు ఇచ్చి, "నువ్వెలా వేసుకుంటావో చూస్తాను పిన్నీ" అన్నాను.

పిన్ని మంచం మీద కూర్చుంది. మోకాళ్లు వంగవు, పొట్ట అడ్డం, పాదం అందదు. వేడినీళ్లలోంచి బట్టలు తీసే కొంకి కర్ర పుచ్చుకుని, మేజోడు మూతిని కొంకికి తగిలించి వేళ్లకి ఎక్కించింది. అక్కడి నుంచి పై అంచు రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇస్త్రీ పెట్టె మోసిన చేతులు. మడమ గూడు మడమ దాటి పైకొచ్చేసింది. గుడ్డంతా మోకాలి కింద పోగుపడింది. మిగిలిన అంచుని నర్సు చొక్కా చేతుల్ని మడిచినట్టే, కొస కొస కలిపి, రెండు మడతలు చక్కగా మడిచింది. అరచేత్తో నొక్కి, "ఇదిగో. ఏటి తప్పు?" అంది.

అంత అందమైన మడత నేను ఎక్కడా చూడలేదు. మూడు పొరల రబ్బరు మోకాలి కింద ఉరి బిగించినట్టు బిగుసుకుంది.

ప్రయోగశాలకి పోయి జామాయిబాబుకి అదే మాదిరిగా తొడుగుదామని చూశాను. చేతకాలేదు. నేనెంత మొరటుగా లాగినా నా వేళ్లు వాటంతట అవే ముడతలు సవరించేస్తున్నాయి. "నీ వల్ల కాదు, జరుగు" అని తారాపదదా మఫ్లరు విప్పి పక్కన పెట్టారు. నేను చెప్పినట్టే పై అంచు పట్టి లాగి, రెండు మడతలు పెట్టారు. మోకాలి కింద మీటరు చీలమండకి రెట్టింపు దగ్గరికి పోయింది. నిన్న బంగారంలా ఉన్న మేజోడే. జామాయిబాబు మాత్రం నిన్నటిలాగే హాయిగా ఉన్నాడు. నేను బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను.

కొత్తగా చేరేవాళ్లకి నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. మనం రాసింది అబద్ధం కాదు. కానీ నా చేతుల మీద నాకున్న గర్వంతో, మంచి చేతుల్లో ఏం జరుగుతుందో అదొక్కటే పరీక్షించుకుంటూ వచ్చాను. పక్కవాళ్ల చేతిలో తప్పినవి నా చేతిలో పాసైనప్పుడల్లా మురిసిపోకుండా, వాళ్ల చేతిలో ఎందుకు తప్పిందని అడిగి ఉంటే పిన్ని కాలు అంత దూరం వెళ్లేది కాదు. ఆ రోజు నుంచి ప్రతి మేజోడునీ రెండుసార్లు తొడిగాం. ఒకసారి పద్ధతిగా, రెండోసారి మొరటుగా. రెండోది సర్టిఫికెట్టులోకి ఎక్కదు, ఫోన్ చేసి కంపెనీవాళ్లకి చెప్పేవాళ్లం. కొందరు విసుక్కున్నారు. ఒకాయన మాత్రం మడమ గూడుకి వేరే రంగు దారం వేశాడు, తప్పుగా కూర్చుంటే కంటికి కనబడేలా. మా రిజిస్టరులో దాన్ని "పిన్ని రీడింగ్" అంటారు. శ్రావ్యా, ఆ పిన్ని ఎవరని నువ్వు అడిగావు కదా, ఈవిడే.

ఇస్త్రీ బల్ల మీద కాలు

ఆ సాయంత్రం నది దాటించే లాంచి దిగి తిన్నగా పిన్ని ఇంటికి వెళ్లాను. ఇస్త్రీ చేస్తోంది. "నువ్వు చెప్పింది నిజం పిన్నీ. తప్పు నాది. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే చెప్తాను" అన్నాను. ఆవిడ యూనిఫారం కాలరు మీద ఇస్త్రీ పెట్టె నడిపిస్తూనే, "సెప్పడవేనా, కాలట్టుకునేది ఏవన్నా ఉందా?" అంది.

ఉంది. ఆ ఆదివారం మెట్ల మీదే నిలబడి అందరికీ చెప్పాను. రోజూ పొద్దున్నే పనికి వెళ్లే ముందు, పీట మీద ఆవిడ పాదం పెట్టించి, చేతులకి గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుని, మేజోడు మడమ దాకా తిరగేసి కొంచెం కొంచెంగా పైకి ఎక్కించాను. అంచు మడవనివ్వలేదు. వానలు పోయాయి, దసరా పూజలు పోయాయి, చలి వచ్చింది. క్రిస్మస్‌కి వారం ముందు డాక్టరు కట్టు విప్పి, కొత్త చర్మం చూసి, ఇక కట్టు అక్కర్లేదన్నాడు. క్రిస్మస్ ఆరాధనలో మేమంతా కూర్చున్నప్పుడు కూడా పిన్ని నిలబడే ఉంది. కూర్చోమంటే కసిరింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. తారాపదదా లేరు. నేను రిటైరయ్యాను. జామాయిబాబు పక్కన నిలబడి నిలబడి నా కాళ్లలోనూ నరాలు లేచాయి, నాకూ మేజోళ్లు రాశారు. చేతి బొటనవేళ్ల కీళ్లు అరిగిపోయి పట్టు పోయింది. అన్ని వేల మేజోళ్లు తొడిగిన చేతులు ఇప్పుడు నా కాలికి ఒక్కటీ ఎక్కించలేవు.

పిన్నికి మోకాళ్లు ఇప్పటికీ వంగవు గానీ చేతులు మునుపటిలాగే ఇనుములా ఉన్నాయి. తన మేజోళ్లు తొడగడానికి పక్కింటి కోడలొస్తుంది. ఆసుపత్రి యూనిఫారాలు మానేసి, పాటల బృందం తెల్లబట్టలు మాత్రం చేస్తోంది. ఆ బల్ల దగ్గరే నిలబడి. రోజూ పొద్దున్న నేను వెళ్లి కుర్చీలో కూర్చుని, కాలు ఎత్తి ఇస్త్రీ బల్ల మీద పెడతాను. "వచ్చినారా అల్లుడుగారూ" అంటుంది. రబ్బరు తొడుగులు వేసుకుని, మడమ గూడు మడమకి కూర్చోబెట్టి, ఒక్క ముడత లేకుండా పైదాకా ఎక్కిస్తుంది. నా కంటే బాగా.

అయిపోయాక కాలు వదలదు. "ఎక్కడన్నా నొప్పెడతందేటే?" అని అడుగుతుంది. ఇన్నేళ్లూ ప్రయోగశాలలో మేం ఏ కాలినీ అడగని ప్రశ్న అది.

లేదు పిన్నీ అంటాను.

"నేదంటే నమ్మీడవేనా? నాను గంజెట్టనేదంటే నువ్వు నమ్మినావేటి?" అని, బొటనవేలు దూర్చి అంచు చుట్టూ తనే ఒకసారి తడిమి చూసుకుంటుంది.